ఇసుక ఆవమొక్క

కెనడాలో, టొరంటో దగ్గరి మిల్టన్‌లో మా ఇంటి మెట్ల పక్కన ఇసుకలో ఒక మొక్క ఉంది. దాని ఆకు తుంచి నలిపితే ఆవపిండి ఘాటు ముక్కుకి తగులుతుంది. ఆ వాసనకి ఆవకాయ కలిపే అమ్మ గుర్తుకు రావాలి నిజానికి. నాకు మాత్రం సార్నియాలోని సుభద్ర ఆంటీ గుర్తుకొస్తారు.

చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను. కాకినాడ ఆవిడ. ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. భర్త లేరు, కూతురు లండన్‌లో ఉండేది. కాలేజీలో తెలుగువాళ్ళు లేక కాదు, ఎవరి షిఫ్టులు వాళ్ళవి. రోజూ “తిన్నావా?” అని అడిగే మనిషి ఆ ఊళ్ళో ఆవిడొక్కరే. తినకపోయినా “తిన్న ఆంటీ” అనేదాన్ని. నమ్మేవారు కాదు, గిన్నె పట్టుకొచ్చేవారు.

ఆ ఏడు ఉగాది పొద్దున్న ఆవిడకు చెప్పకుండా, మెట్ల ముందు ఇసుకలో నేలకంటుకుని ఉన్న కలుపంతా పీకి సంచిలో వేసి, చదును చేసి ముగ్గు పెట్టాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. తలుపు తీసిన ఆంటీ ముగ్గు వైపు చూడనేలేదు.

“ఇక్కడ మొక్కలుండాలే?”

“గడ్డి అనుకున్న ఆంటీ. పండుగని సాఫ్ చేసిన.”

“నాలుగేళ్ళమ్మా. గింజ నుంచి పెంచాను.”

ఆవిడ గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. గది ఖాళీ చేయమంటారేమోనన్న భయం కంటే, ఇక నన్ను పలకరించరేమోనన్న భయమే ఎక్కువైంది.

ఆంటీ సంచి బోర్లించి ఒక్కో మొక్కా ఏరారు. వేరు తెగనివి ఏడు దొరికాయి. నా ముగ్గులోనే గుంటలు తీసి నాటాం. నేను బకెట్‌తో నీళ్ళు తెస్తే, “చెంబెడు చాలు. సరస్సు గట్టున ఎండిన ఇసుకలో బతికే జాతి ఇది, తడి ఎక్కువైతే కుళ్ళిపోద్ది. ఇక్కడివాళ్ళు రాక్‌క్రెస్ అంటారు. ఆవాల చుట్టమే. నేనైతే ఇసుక ఆవ అంటా,” అన్నారు.

తెగిపోయినవాటి ఆకులు కడిగి, సన్నగా తరిగి, కారం బదులు ఉగాది పచ్చట్లో కలిపారు.

“చంపినవాళ్ళే తినాలి,” అని గిన్నె నా ముందుకు తోశారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటు అన్నాను. ఆవిడ తనకూ కాస్త వడ్డించుకున్నారు.

“మీ అంకుల్ పోయాక పచ్చడి చెయ్యడం ఇదే మొదలు. ఒక్కదాన్నే ఆరు రుచులేం చేసుకోను?”

రెండే బతికాయి. మే నెలలో నాలుగేసి రేకుల చిన్న తెల్లపూలు పూశాయి. ఆ వేరు నుంచే వచ్చే ఏడాది కూడా వస్తాయని ఆంటీ చెప్పారు. వచ్చాయి కూడా.

టొరంటోలో ఉద్యోగం దొరికి నేను వెళ్ళిపోతుంటే మాత్రల డబ్బాలో గింజలు పోసిచ్చారు. “నీళ్ళు పోసి చంపకు. ఫోన్ చేస్తూ ఉండు.” గింజలు మొలిచాయి. ఫోన్లు మాత్రం వారానికొకటి కాస్తా నెలకొకటై, ఆఖరికి పండగలకే మిగిలాయి. ఆవిడ పోయిన సంగతి కూతురు పంపిన ఇంగ్లీషు మెసేజ్‌లో చదివాను. మొక్కకి నీళ్ళు అక్కర్లేదన్నారు గానీ, తనకి పలకరింపు అక్కర్లేదని ఆవిడ ఏనాడూ అనలేదు.

ఇప్పుడు ఉగాదికి ఆ మొక్కను మధ్యలో ఉంచి, చుట్టూ ముగ్గు వేస్తాను. తర్వాత పచ్చడి తీసుకుని మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న అమ్మాయి తలుపు తడతాను.

“తిన్నావా?”

“తిన్న అక్కా.”

నేనూ అలాగే అబద్ధమాడేదాన్ని. గిన్నె ఆమె చేతికిచ్చి, తినేదాకా అక్కడే కూర్చుంటాను.