యానాం పిన్ని కూతురి సీటు

నిన్న సాయంత్రం మూలకుళంలో మా పక్కింటి అమ్మాయి రెండు నర్సింగ్ కాలేజీల పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. కాన్పుల నర్సు కావాలట, ఎందులో చేరితే మంచిదో చెప్పమంది. మెరిసే ఆ అట్టల మీది భవనాలు చూడగానే మా యానాం పిన్ని కూతురు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ల కిందట కోసపాళయంలోని మా ఇంట్లో ఒక వేసవంతా అది నన్ను కాల్చుకు తింది. నిజానికి కాల్చుకు తిన్నది అది కాదు, నా కుళ్లు. అప్పట్లో నాకు ఆ తేడా తెలియదు.

అది నాకంటే ఆరు నెలలు చిన్న. ప్లస్ టూ కాగానే నర్సింగ్ డిగ్రీలో చేరాలని పెట్టె పట్టుకుని దిగింది. నేనూ ఆ చదువుకే దరఖాస్తు పెట్టాను. ఇద్దరి కోరికా ఒకటే, ప్రసూతి వార్డులో పనిచేయాలని. మార్కులు నాకే ఎక్కువ. అయితేనేం, దానికి యానాం వాళ్లకు విడిగా ఉంచిన కోటా ఉంది. పైగా మా అమ్మకు దాని తెలుగంటే ముద్దు. మేం తరతరాలుగా ఈ తమిళ ఊళ్లోనే ఉన్నవాళ్లం, తెలుగు మాట్లాడతామే గానీ చదవడం ఒక్కరికీ రాదు. (ఈ అక్షరాలు నేను పెళ్లయ్యాక పంతం కొద్దీ నేర్చుకున్నవి.) అది వారపత్రిక పైకి చదువుతుంటే అమ్మ పొయ్యి కట్టేసి మరీ వినేది. పొద్దున్నే చిక్కటి మొదటి డికాషన్ కాఫీ దానికి, నీళ్లు పోసి తీసిన రెండోది నాకు. ఇలాంటివి మనసు మరిచిపోదు.

మా ఎదురింట్లో ప్రసూతి వార్డులో చేసి రిటైరైన నర్సు ఉండేది. వీధంతా ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. ఒకరోజు అరుగు మీద మల్లెలు కడుతూ నాతో అంది: "కట్టిడం చూసి మోసపోవద్దు పాపా. యాడికి పోయినా ఒగటే అడుగు, ఆడ పిల్లోళ్లు సొంత చేతుల్తో ఎన్ని కాన్పులు చేస్తారని. పెద్దాస్పత్రిలో డాక్టరు చదివే పిల్లోళ్లే గుంపు. మీరు ఎనక నిలబడి మెడ సాచి చూడాల్సిందే."

ఆ మాట పిన్ని కూతురికి నేను చెప్పలేదు. మొదటి కౌన్సెలింగులో దానికి ఊరి బయట పెద్దాస్పత్రి ఉన్న పెద్ద కాలేజీ వచ్చింది. నాకు పాత కాన్పుల ఆస్పత్రికి ఆనుకుని ఉన్న చిన్న కాలేజీ. సిస్టరమ్మ లెక్కన గెలుపు నాదే. కానీ తెల్లటి ఆ మేడ, ఏసీ లైబ్రరీ, నీలం బస్సు తలచుకుంటే నాకు అన్నం దిగేది కాదు. రెండో కౌన్సెలింగులో యానాం వాళ్లను పొద్దున, మమ్మల్ని మధ్యాహ్నం పిలిచారు. పెద్ద కాలేజీలో ఒక సీటు పొద్దున ఖాళీ అయిందని గుమాస్తా చెప్పగానే, చేతిలో ఉన్నది వదిలేసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి కాగితం దాని ముందు పరిచాను. అది కాలేజీ పేరు రెండుసార్లు చదివింది. తర్వాత తన కాగితం తీసింది. చిన్న కాలేజీ.

"సిస్టరమ్మగారు చెప్పారక్కా, చేతులకి పనుండేది అక్కడేనని. నువ్వూ అక్కడే కదా, ఇద్దరం కలిసి వెళ్లొచ్చనుకున్నాను. ఆవిడ నీకు చెప్పలేదేంటి?"

చెప్పలేదన్నాను. ఆ అబద్ధం ఇవాళ్టికీ దిద్దుకోలేదు.

నాలుగేళ్లు నేను నీలం బస్సులో తిరిగాను. రికార్డు పుస్తకం నింపడానికి ఒక్కో కాన్పు కోసం వార్డు గుమ్మంలో వంతు కాచాను. అది మాత్రం ఆదివారాలు మా ఇంటికొచ్చి, అలసటతో అన్నం ముందే కునుకు తీసేది. ఆ అలసట మీద కూడా నాకు కుళ్లే.

పెళ్లయిన రెండేళ్లకు నాకు నొప్పులు వచ్చినప్పుడు అది నర్సుగా పనిచేసే వార్డుకే వెళ్లాను. వేరే ఎవరి దగ్గరికీ వెళ్లబుద్ధి కాలేదు. "ఊపిరి తీసుకో అక్కా, నేనున్నాగా" అంది. నేను దాని చేతులనే చూస్తున్నాను. తొందర లేదు, తడబాటు లేదు. అవి ఎంత మంచి చేతులో తెలుసుకునేంత చదువు మాత్రం నాకు అబ్బింది. నా కూతురు ముందు దాని చేతుల్లోకి వచ్చింది, ఆ తర్వాతే నా దగ్గరికి. దానికీ కుళ్లుకున్నాను. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నా కుళ్లును మాన్పలేదు గానీ, ఎవరిని చూసి కుళ్లుకున్నానో ఆ మనిషి పక్కన లేకపోతే నాకు ధైర్యం చాలని రోజు ఒకటి తెచ్చిపెట్టింది.