పని మీద పోయినోడు

సూర్యాపేటలో మేము పురుగుమందులు కొనే దుకాణదారుకు ఒక అలవాటుండేది. రైతు తెచ్చిన ఆకును చేతిలోకి తీసుకునేవాడే గాని చూసేవాడు కాదు. మన మాట పూర్తి కాకముందే రెండో చెయ్యి వెనక అరలోని సీసా మీద ఉండేది.

కిందటి వానాకాలం నా వరి ఆకుకూ అంతే. "ముందుగాల్నే కొట్టు పెద్దమ్మా, ఏ పురుగూ రాదు," అన్నాడు.

"రాని పురుగుకు మందేందిరా?"

"నా మాట ఇను."

పోగానే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే మనిషి కదా అని విన్నాను. అందుకే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ మందుకు పొలంలోని సాలీళ్లన్నీ చచ్చాయి. వాటికి మేతగా ఉండే సుడిదోమ పెరిగి, ఈనే వరిని ఎక్కడికక్కడ ఎండబెట్టింది. పరుగున దుకాణానికి పోతే తాళం. మందు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు విమానమెక్కించి బాలి దీవికి తీసుకుపోయారట.

వచ్చాక నిలదీశాను.

"తిరగనీకి పోలే పెద్దమ్మా, పని మీద పోయిన. అన్నీ మీటింగులే," అంటూ ఫోనులో ఫోటో చూపించాడు. కొండ మీద మెట్లు మెట్లుగా పచ్చటి వరి. దాని నడుమ పూల చొక్కాతో తను.

"గక్కడి రైతులు దోమకు ఏం జేస్తరంట?"

"అడగలే."

"పని మీద పోయి, వరిల నిలబడి, గదొక్కటి అడగకపోతివా?"

ఫోను జేబులో పెట్టుకుని ఇంకో రైతు వైపు తిరిగాడు. దోమ ఎండబెట్టిన నా వరి గడ్డిని బర్రె కూడా ముట్టలేదు.