బిళ్లలు ఎవరి చేతికి ఇవ్వాలి?

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. వనపర్తిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేస్తున్నాను. మత్తు అలవాట్లు మాన్పించే వార్డు మాది. మత్తు అనగానే అందరికీ కల్లు, సారా గుర్తొస్తాయి. కానీ మా దగ్గరికి నొప్పి బిళ్లలకు అలవాటు పడ్డవాళ్లు కూడా వచ్చేవారు. డాక్టరు రాసిన మందే కదా అని ధీమాగా మింగుతూ పోయి, చివరికి అది లేకుండా మంచం దిగలేని స్థితికి వచ్చినవాళ్లు.

నర్సింహులు అలాంటివాడే. గద్వాల దగ్గరి ఊళ్లో చీరలు నేస్తాడు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి పొద్దంతా వంగి కూర్చునే పని. నడుము నొప్పికి ఎవరో డాక్టరు ట్రమడాల్ రాశారు. చీటీ పాతబడింది, బిళ్లలు పెరిగాయి. మోతాదు మించి ఒకరోజు మగ్గం మీదే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఊళ్లో డాక్టరు మా దగ్గరికి పంపితే, భార్య పద్మ ఆత్మకూరు మీదుగా తీసుకొచ్చింది.

మందు తగ్గించగానే శరీరం తిరగబడుతుంది. దాన్ని విత్‌డ్రాయల్ అంటాం. ముక్కు కారుతుంది, విరేచనాలవుతాయి, ఎముకల్లో పోట్లు. మంచం పట్టె పట్టుకుని ఏడ్చేవాడు.

"అక్కా, గిట్ల సంపకుండ్రి. ఒక్కటియ్యుండ్రి, సాలు."

"ఇయ్య తమ్ముడూ. తిట్టుకో, ఏమన్న అనుకో, ఇయ్య."

నిజంగానే తిట్టాడు. మా వంశంలో ఎవరినీ వదల్లేదు. తర్వాత ఒక పొద్దున లేచి కూర్చుని, జొన్నరొట్టె తినాలని ఉందన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇంటికి పంపేటప్పుడు టేపరింగ్ రాశారు. అంటే మందు ఒక్కసారే ఆపకుండా, వారం వారం తగ్గించుకుంటూ రావడం. బిళ్లలు ఇంట్లో నమ్మకమైన మనిషి చేతికివ్వడం మా పద్ధతి. పద్మ కంటే నమ్మకమైన మనిషి ఎవరుంటారు?

"పెట్టె తాళం నా కొంగుకే ఉంటది అక్కా. నువ్వు పరేషాన్ గాకు" అంది.

డాక్టరు మగ్గం ఎక్కొద్దన్నారు. అయితే గద్వాల చీరకు నూలుతో నేసే ఒంటిని, పట్టు అంచును నేస్తూనే కలుపుతూ పోవాలి. వాళ్లింట్లో దానికి ఇద్దరు కూర్చునేవారు. ఆ రెండో మనిషి పద్మే. మగ్గం మీద సగం చీర ఉండిపోయింది. ఇంకెవరినైనా కూర్చోబెడితే, చెయ్యి మారిన చోట బట్ట తేడాగా కనిపిస్తుందని వాళ్ల పట్టుదల. పెళ్లివాళ్ల చీర అది. ఆలస్యమైతే ఇకమీదట పట్టు వేరే ఇంటికి ఇస్తానని, వాళ్లకు పట్టు ఇచ్చి నేయించుకునే సేటు కబురు మీద కబురు పంపాడు.

నెల తిరగకముందే నర్సింహులు మళ్లీ ఫిట్స్‌తో వచ్చాడు.

తెలివి వచ్చాక, "మళ్ల దొంగతనంగ కొన్నవా?" అని గద్దించాను. గోడ వైపు తిరిగాడు. పద్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆయన కొనలే అక్కా. అడగను గూడ అడగలే. నేనే ఇచ్చిన. నడుమాగక మధ్యల మధ్యల లేస్తుండె. చీర అయితలేదు. గీ ఒక్కరోజే అని ఇంకోటి ఇచ్చిన. మర్నాడు మళ్ల ఇచ్చిన. అయిపోతే షాపుల తెచ్చిన."

ఒళ్లు మండిపోయింది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నోటికొచ్చినట్టు తిట్టాను.

లోపలికి వెళితే నర్సింహులు నెమ్మదిగా అన్నాడు: "ఆమెను ఏమనకు అక్కా. ఎక్కువిస్తుందని నాకు తెల్సు. అడిగితే ఆపుతదని ఊకున్న."

మళ్లీ అదే విత్‌డ్రాయల్, అవే ఏడుపులు. ఈసారి తిట్టలేదు. ఆ ఓపిక కూడా లేదు అతనికి. ఇంటికి పంపే రోజు పద్మను పక్కకు పిలిచి, ఈసారైనా జాగ్రత్త అన్నాను. ఆమె తల వంచుకుంది.

"నాకియ్యకు అక్కా. నా నడుము గూడ గట్లనే ఉంటది. నేను గూడ ఏసుకుంటున్న."

ఆ తర్వాత నుంచి బిళ్లలు ఇచ్చే ముందు ఇంట్లో ఎవరు నమ్మకస్తులని అడగడం మానేశాను. ఆ మనిషికి కూడా నొప్పి ఉందా అని అడుగుతున్నాను. ఉందనే చెబుతారు చాలామంది.

ఆ రోజు మాత్రం మందుల కవరు పట్టుకుని వరండాలో అలాగే నిలబడిపోయాను. వాళ్లింట్లో మూడో మనిషి లేరు. మా చిన్న వార్డులో అన్నాళ్లు ఉంచుకోలేం కనుక, ఇద్దరినీ చేర్చుకోమని పట్నంలోని పెద్ద దవాఖానకు చీటీ రాయించి ఇచ్చాను. తలూపి తీసుకున్నారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇద్దరూ గద్వాల బస్సే ఎక్కారు.