జీవమ్మ వదిలిన సాలు

మిరప చేలో సాలు ఒక్కరికి ఇవ్వరు, ఇద్దరికి ఇస్తారు. ఆ చెట్ల వరసకు ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు నిలబడి కోసుకుంటూ పోవాలి. మొగుడూ పెళ్లాం కావచ్చు, తల్లీ కొడుకూ కావచ్చు, పరాయి ఆడమనిషితో మాత్రం ఏ మగాడూ సాలు పట్టడు. పడితే పల్లెలో నోళ్లు ఊరుకోవు. ఈ కట్టుబాటు పెట్టిన మహానుభావుడెవరో గానీ, రుద్రవరం పక్క నుంచి ఏటా గుంటూరు వైపు కోతలకు పోయే జట్టులో దాన్ని దాటినవాళ్లు లేరు. జోడు లేని మనిషిని మేస్త్రీ శేషయ్య బండే ఎక్కనివ్వడు.

పెళ్లయిన ఏడు నుంచీ మద్దిలేటికి జోడు జీవమ్మే. కూతురు అమృతను చేని గట్టున చీర ఉయ్యాలలో వేసి కోసింది, జ్వరంతో కోసింది, కడుపు పోయిన వారానికే కోసింది. ఆ ఘాటుకు చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, మండే చేతులతో ఎత్తుకోలేక పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. ఈ పిల్ల మిరప చేలో కాలు పెట్టకూడదన్నది ఆమెకున్న ఒకే ఒక్క పంతం. అందుకే వలస పోయినవాళ్ల పిల్లలకని రుద్రవరం బడిలో హాస్టల్ తెరిచిన రోజే అమృతను తీసుకుపోయి చేర్పించింది.

ఈ ఏడు నంద్యాలలో వలస కూలీల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతామన్నారు. ఉండడానికి చోటు, తిండి, చివర్లో మిషను కూడా ఇస్తామన్నారు. ఇంటి పట్టున బతుకు దొరికితే వలసే ఉండదు కదా అని జీవమ్మ ఆశపడింది. మద్దిలేటి ముఖం మాడ్చుకున్నాడు. చివరికి అతని తల్లి నరసమ్మే దారి చూపింది.

"నేను పోతాలే జోడుగా. దాన్ని నేర్చుకోనీరా" అంది.

నంద్యాలలో మొదట్లో అన్నీ అగచాట్లే. కాయలు తుంచి తుంచి మొద్దుబారిన వేళ్లకు దారం తగిలేది కాదు. విరగ్గొట్టిన సూదులకు లెక్కలేదు. "నీకు సూది కాదమ్మా, కొడవలి బిగించాలి మిషనుకు" అని నేర్పే శ్రీవాణి మేడమ్ నవ్వేది. జీవమ్మ కూడా నవ్వేది గానీ, పట్టు వదల్లేదు. కోతల్లో ఉన్న మద్దిలేటికి ఫోన్ చేసినప్పుడల్లా అతనిది ఒకటే మాట. "పాప బాగుంది. నువ్ పని చూసుకో."

ఆఖరున ఎవరికి వాళ్లు సొంతంగా ఒకటి కుట్టి చూపించాలన్నారు. జీవమ్మ అమృతకు బడి యూనిఫాం కుట్టింది. మేడమ్ తిప్పి తిప్పి చూసి బాగుందంది. ఆ యూనిఫాం సంచిలో పెట్టుకుని, మిషను గోనెపట్టాలో కట్టుకుని, నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకుని ఇంటికి చేరింది. దారంతా ఆమె కడుపు నిండినట్టే ఉంది.

ఇంటి ముందు నరసమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది.

"ఎప్పుడొచ్చినావత్తా? కోతలయిపోయినాయా?"

"యాడ అయిపోతాయి. పోయినాక వారం దినాలకే మోకాలు వాచి కూలబడితి. శేషయ్య ఎనక్కి పంపిచ్చినాడు."

"మరి ఆయనకు జోడెవరు?"

నరసమ్మ మోకాలి గుడ్డ సవరించుకుంది.

"పాపను హాస్టల్ నుంచి తోల్కపోయినాడు. జోడు లేకుంటే పని లేదంటిరి, ఇంకేం చేస్తాడు? చెప్తే నువ్ మిషనిడ్సిపెట్టి వస్తావని, చెప్పొద్దన్యాడు."

జీవమ్మకు ఒళ్లు మండిపోయింది. మొగుణ్ణి కడిగిపారేయాలని ఫోన్ చేసింది. ఎత్తింది అమృత.

"అమా, మిషనిచ్చినారా?"

"ఇచ్చినారు. చేతులు మండుతాండాయా?"

"మొదట్లో మండినాయి. ఇప్పుడేం లే." దాచుకోలేక చెప్పేసింది పిల్ల. "నీకంటే నేనే బేగా కోస్తాండానంట. శేషయ్య తాత అందరి ముందరా చెప్పినాడు. వచ్చే ఏడు గూడా నన్నే తోల్కరమ్మన్యాడు."

తరగతిలో ఫస్టొచ్చినప్పుడు కూడా ఇదే గొంతుతో చెప్పేది. ఏడ్చి ఉన్నా బాగుండేదని జీవమ్మకు అనిపించింది.

"రేపొస్తాండా పాపా. నా సాలు నాకిడ్సి నువ్ బడికి పో."

"నువ్వెందుకు మా?" అంది అమృత. "నీకిప్పుడు మిషనుంది కదా."