మంద్రంలో ఒక నాస్తికుడు

దేశం దాటి పిస్కాటవేలో ఉన్న రోజుల్లో మా అమ్మాయిని ప్రతి వారం ఊరి కోరస్ ప్రాక్టీసుకు కార్లో తీసుకెళ్ళేవాణ్ణి. ప్రాక్టీసు చర్చి హాల్లో. పాడేది గత శతాబ్దపు ఇంగ్లిష్ స్వరకర్త ఒకాయన కట్టిన ప్రార్థన. దేవుణ్ణి వేదికలెక్కి ఓడిస్తూ పెరిగినవాణ్ణి కదా, ఊరందరి బృందానికి ప్రార్థన దేనికని ఒకనాడు డైరెక్టరమ్మతో వాదనకు దిగాను. ఆవిడ నా తర్కం వినలేదు, గొంతు మాత్రం విన్నది. మంద్ర స్వరాలకు, అంటే వాళ్ళ బేస్‌కు, ఒక్క పెద్దాయనే ఉన్నాడనీ, రెండోవాడిగా నిలబడమనీ అడిగింది. పొగడ్తకు పడని హేతువాదిని నేనింతవరకు చూడలేదు. నిలబడ్డాను.

ఆ పాటలో ఆర్భాటం లేదు. వాద్యం తోడు లేకుండా, దాదాపు గుసగుసలా మొదలవుతుంది. పై స్థాయిలో పాడే రెండు వరసల గొంతులూ గిట్టనివాళ్ళలా ఒరుసుకుని, చెవికి గుచ్చుకునేంతలో సర్దుకుంటాయి. అడుగున బేస్ మాత్రం మన తంబురాలాగా, మాటలు మారినా ఒకే స్వరం పట్టుకుని కదలదు. జీవితమంతా ఎదురు చెప్పినవాడికి దొరికిన పని అది. ఇద్దరం ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. ఒకరు పీల్చేటప్పుడు రెండోవాడు మోయాలి. ఆ స్వరాన్ని ఆనుకునే మా అమ్మాయి ఒంటరిగా పాట అందుకోవాలి. అది తన మొదటి సోలో.

నాకో నియమం ఉండేది. ప్రభువు అనే మాట రాగానే నోరు మూసేవాణ్ణి. బృందంలో ఉంటూనే నిరసన తెలుపుతున్నానని లోలోపల నాకు నేనే చప్పట్లు కొట్టుకునేవాణ్ణి. చివరి ప్రాక్టీసులో పెద్దాయన సరిగ్గా అక్కడే, నన్ను నమ్ముకుని, ఊపిరి తీసుకున్నాడు. పాటకు అడుగు ఊడింది. మా అమ్మాయి ఎక్కడో అందుకుని, తడబడి ఆగిపోయింది.

కార్లో సీటుబెల్టు పెట్టుకుంటూ అంది: "నాన్నా, గాడ్ లేడు, ఓకే. బట్ నేను ఉన్నాను కదా?"

కచేరీ రోజు ఆ మాట రానే వచ్చింది. పాడాను. ఇందులో గాలీ కంపనమూ తప్ప మరేమీ లేదని మనసులో ఒక వ్యాసం రాసుకుంటూ పాడాను. పక్కన పెద్దాయన ఊపిరి తీసుకున్నాడు. అమ్మాయి గొంతు మా స్వరం మీద కాలు మోపి, నెమ్మదిగా పైకెక్కింది. వ్యాసం అక్కడే ఆగింది.

రాజీపడ్డావేమని ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి పకడ్బందీగా జవాబు తయారుచేసుకున్నాను. ఒక్కరూ అడగలేదు. అందరూ కుకీలు తింటూ మా అమ్మాయిని మెచ్చుకున్నారు. తిరుగు దారిలో నేనే ఉండబట్టలేక, ఆ మాట పాడాను విన్నావా అని అడిగాను.

"విన్నా నాన్నా," అంది. "కొంచెం ఫ్లాట్ అయ్యావ్."

శ్రుతి తగ్గిందట. ఇల్లు చేరేదాకా ఆ ఒక్క స్వరాన్నే పాడి సరిచేసుకుంటూ డ్రైవ్ చేశాను, ఆ మాటతో సహా.