తిథి పెట్టేదెవరు?

ఆ రోజుల్లో, బెంగళూరులోని మా ఇంటర్మీడియట్ తరగతి గదిలో ఉన్నవి ఇవి: బెంచీలు పద్నాలుగు, సైన్సు విద్యార్థులం నలభై ఒక్కరం, నవ్వని ఇంగ్లీషు మేష్టారు ఒకరు, తండ్రిని చంపినవాడి మీద కొడుకు పగబట్టే నాటకం ఒకటి. (యుద్ధకాలపు కాగితం కరువు వల్ల పుస్తకం మాత్రం ముగ్గురికొకటి.) ఇంగ్లీషులో నూటికి ముప్పై అయిదు రాకపోతే పై పరీక్షకు పంపరు, నా ఇంజనీరింగు చదువు అక్కడితో సరి. ఆ నాటకంలో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో నాకు తెలిసేది కాదు. అందుకని నాకు చేతనైన పని చేశాను. గళ్లు గీసి పట్టిక వేశాను: చచ్చినవారు, చంపినవారు, సాధనం, అంకం.

ఒక ఆదివారం దాన్ని వల్లె వేస్తుంటే, పక్కన అనపకాయలు ఒలుస్తున్న మా అవ్వ "కతేందో నాకూ చెప్పప్పా" అంది. రాజును సొంత తమ్ముడే విషం పోసి చంపాడన్నాను. అవ్వ చలించలేదు. (యలహంకలో మా దాయాదులతో పొలం తగాదా నడుస్తున్న కాలం.) రెండు నెలలకే రాణి ఆ మరిదిని పెళ్లాడిందనగానే మాత్రం చేతిలో కాయ జారిపోయింది.

"సంవత్సరీకం కాకముందేనా?"

"అవునవ్వా. రాజు దయ్యమై వచ్చి, పగ తీర్చమని కొడుకును అడిగినాడు."

"కొడుకు ఉండాడా? మరి తిథి పెట్నాడా?"

పుస్తకం తిరగేశాను. తండ్రికి తద్దినం పెట్టినట్టు ఎక్కడా లేదు.

"అదీ సంగతి. తిథి పెట్టకుండా సుమ్నే, ఊరికే కత్తి పట్టుకొని తిరిగితే దయ్యం పోతాదా?"

చివరి అంకంలో కొడుకుతో సహా అందరూ చచ్చేసరికి అవ్వ ముఖం పాలిపోయింది. "ఇంటిల్లిపాదీ సచ్చిరా? కొరివి పెట్టను ఒగడన్నా మిగల్లేదా?" అంటూ లేచి తలస్నానం చేసింది, నా చేతా చేయించింది. (తొమ్మిది చావులకూ కలిపి ఒక్క స్నానం చాలంది.)

పరీక్షలో 'ఈ నాటకం విషాదాంతం ఎందుకయింది?' అని పది మార్కుల ప్రశ్న. రాజకుమారుడి మనస్తత్వం గురించి బట్టీపట్టిన రెండు పేజీల్లో ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు. పట్టిక గీసి, కింద అవ్వ మాట నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను: తొమ్మిది మంది చచ్చారు, వాళ్లకు కర్మ చేయడానికి ఆ ఇంట ఒక్కరూ మిగల్లేదు.

వారం తర్వాత మేష్టారు నన్ను నిలబెట్టి ఆ జవాబు పైకి చదివారు. నలభై మందీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఇది ఏ పుస్తకంలోది?"

"మా అవ్వ చెప్పింది, సార్."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఇరవై ఏళ్లుగా ఈ నాటకం చెప్తున్నాను. తర్వాత ఆ ఇంటి గతి ఏమిటని నాకు తోచనే లేదు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఉద్యోగంలో చేరాక వంతెనలకు ఎన్నో పట్టికలు వేశాను. అవ్వ అనపకాయలు ఒలిచినంత ఓపికగా లెక్క పెట్టాననుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను. ఆ పరీక్షలో నాకు వచ్చినవి నూటికి ముప్పై ఏడు. అందులో ఎనిమిది అవ్వవి.