ఖాళీ తుపాకినీ నమ్మని గంగాధరం మామ

మా గంగాధరం మామ ఖాళీ తుపాకిని నమ్మడు. నిండు తుపాకి పట్టుకున్న మనిషిని అసలే నమ్మడు. ఈ ఒక్క గుణంతో ఊరందరికీ లోకువైపోయాడు. మా ఊరికి మంచి మాట చెప్పినవాడెవడూ బాగుపడలేదు లెండి.

శ్రీకాళహస్తి అవతల, కొండ వార మా వేరుశనగ చేలు. కాయ ఊరే వేళకు అడవిపందులు దిగి చేనంతా దున్నేస్తాయి. పంట కాపలాకు లైసెన్సు తుపాకులున్న నలుగురైదుగురం కలిసి పొద్దున్నే వేటకు బయల్దేరుతాం. మామ కదలనిస్తేనా!

"తుపాకి మడిసి సూపించు."

"లోడు లేదు మామా. ఇప్పుడే కదా సూసినావు?"

"లేదని నువ్వంటా ఉండావు. తుపాకి అనిందా?"

తుపాకిని మధ్యలో మడిచి, తెరుచుకున్న గొట్టం చూపిస్తే అందులో వేలు పెట్టి మరీ చూసేవాడు. ఆ తర్వాత పొదల్లో ఉన్నా మనుషులని తెలిసేలా అందరి తలలకూ ఎర్ర తువ్వాళ్లు కట్టించేవాడు. "ఎవురి పెండ్లికబ్బా ఈ బ్యాండు మేళం?" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. కొండెక్కాక ఎవడెక్కడున్నాడో తెలియడానికి ఎవడి పేరు వాడు అరవాలి. ఆ అరుపులకు సగం పందులు తమిళనాడు సరిహద్దు దాటి ఉంటాయి. మిగిలిన సగానికి మా పేర్లు కంఠతా వచ్చి ఉంటాయి.

పందిని కొట్టినవాడికి తలకాయ ఇవ్వడం మా ఆనవాయితీ. దానికోసం తొందరపడి కదిలిన పొదనల్లా కాలుస్తారని మామ ఆ పద్ధతిని తిరగేశాడు. పంది కంటికి కనపడలేదని కాల్చకుండా ఆగినవాడికే తలకాయ!

"అట్లయితే ఇంట్లో పండుకున్నోడికి పందంతా ఇచ్చెయ్ మామా," అన్నాడు ధనశేఖర్.

"ఇస్తా. వాడు ఎవురినీ సంపలేదు కదా."

మా గుంపులో రవిచంద్రకు కొండ కింది పల్లెలో శకుంతలమ్మ కూతురు కోమలితో పెళ్లి కుదిరింది. లగ్నపత్రికలు కూడా పంచేశారు. పెళ్లిలోపల ఒక్క పందినైనా కొట్టాలని వాడి పట్టుదల. ఆ పొద్దు వాడి ఎదుట సీతాఫలం పొదలు కదిలాయి. తుపాకి ఎత్తాడు.

"కనిపిస్తా ఉండాదా?" అని మామ కేక వేశాడు.

"పంది గాక ఇంకేముంటాది మామా!"

"కనిపిస్తా ఉండాదా అని అడిగితి. దించరా!"

వాడు గొణుక్కుంటూ దించాడు. అంతలో, "ఎవుర్రా ఆడ?" అని పొదలోంచి ఆడగొంతు. మామ రవిచంద్ర తుపాకి లాక్కుని తూటా తీస్తుండగా, సీతాఫలాల గంపతో శకుంతలమ్మ బయటికొచ్చింది. వాడికి కాబోయే అత్తగారు!

"నన్ను కాల్సబోయినోడు ఎవుడు?"

తుపాకి మామ చేతిలో ఉంది.

"నేనేమ్మా. పందనుకుంటి," అన్నాడు మామ.

"పందా! నీ కంటికి నేను పంది మాదిరి ఉండానా?"

ఇక మా ఊరు పండగ చేసుకుంది. ఇన్నేళ్లూ ఎవరి ప్రాణాలు కాపాడాడో వాళ్లే చప్పట్లు కొట్టి నవ్వారు. మామను గుంపులోంచి తీసేయాలని మొదట అన్నది ధనశేఖరే, కొండ మీద జరిగిందంతా కళ్లారా చూసినవాడు. తీసేశారు కూడా. నిజం చెప్పేస్తానని నేను లేచాను.

"కూసోరా," అని మామ చెయ్యి పట్టి లాగాడు. "తెలిస్తే ఆయమ్మ పిల్లనిస్తాదా? వాడు ఈ జన్మలో ఇంక కనపడందాన్ని కాల్సడు. నాకేం, ఇప్పుడు పెండ్లి కావాల్నా?"

పెళ్లి జరిగిపోయింది. వేటకు పోయే దారి శకుంతలమ్మ ఇంటి ముందునుంచే. ఇప్పుడు ప్రతిసారీ చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడుతుంది.

"తుపాకులు మడిసి సూపించండ్రా! తువ్వాళ్లు యాడ? ఆ గుడ్డి గంగాధరం మాదిరి తుపాకెత్తితే తోలు తీస్తా!"

మామను ఎకసెక్కాలాడినవాళ్లంతా కిక్కురుమనకుండా చూపిస్తున్నారు. మొన్న టీ అంగడి దగ్గర కూర్చున్న మామతో మండిపడుతూ చెప్పాను.

"నీ పేరు పెట్టి తిడతా ఉండాది మామా."

"అందురూ మడిసి సూపించినారా?"

"సూపించినారు."

"ధనశేఖరు?"

"వాడు గూడా."

"అయితే ఇంకొంచెం గట్టిగా తిట్టమను అబ్బా," అన్నాడు.